చిక్కుడు కుటుంబపు మొక్కలు: ఆకు ఈనెలతో గుర్తింపు

గడ్చిరోలి జిల్లా దక్షిణపు కొసన, ప్రాణహిత గోదావరిలో కలిసే చోటికి సమీపంలో ఉన్న సిరొంచ తాలూకాలో ఒక చెట్టుకు ఒక పేరు చాలదు. తెలుగు ఇంటిలో మోదుగు అయినది మరాఠీ పాఠ్యపుస్తకంలో పళస్ అవుతుంది. మాడియా గోండుల పల్లెలో దానికి వేరొక పేరు. ఇలాగే ఆరె ఆపటా అవుతుంది, ఏగిస బీజా అవుతుంది, రేల బహావా, చండ్ర ఖైర్, కానుగ కరంజ్. ఇంట తెలుగు మాట్లాడుతూ బడిలో మరాఠీ చదివే విద్యార్థికి ఒకే చెట్టు రెండు చెట్లుగాను, ఒక్కొక్కప్పుడు రెండు చెట్లు ఒకటిగాను తోచడంలో వింత లేదు. శాస్త్రీయ నామం ఈ చిక్కును తీర్చగలదు. కాని ఏ నామం వాడాలో తెలియడానికి ముందుగా చెట్టును గుర్తించాలి గదా! వృక్షశాస్త్రం ఆ పనికి పూవును, కాయను ప్రధానాధారాలుగా తీసుకుంటుంది. పూవు ఏడాదిలో కొన్ని వారాలే ఉంటుంది. తక్కిన కాలమంతా చేతికందేది ఆకు. ఆకులో ఎండినా, చిరిగినా చాలాకాలం చెక్కుచెదరకుండా నిలిచేది ఈనెల అల్లిక.

పైన పేర్కొన్న చెట్లన్నీ ఒకే కుటుంబానికి చెందినవి. దానిని చిక్కుడు కుటుంబమనీ, శాస్త్రభాషలో లెగ్యుమినోసి లేదా ఫాబేసి అనీ వ్యవహరిస్తారు. పూచే మొక్కలలో పొద్దుతిరుగుడు, ఆర్కిడ్ కుటుంబాల తరువాత ఇదే పెద్దది. ఇందులో సుమారు 765 ప్రజాతులు, 19,500 జాతులు ఉన్నాయి. కంది, పెసర, మినుము, శనగ, ఉలవ వంటి పప్పుధాన్యాలు మొదలుకొని చింత, తుమ్మ, జిట్రేగి, జమ్మి, గురిగింజ, దూలగొండి వరకు ఈ కుటుంబానివే. ఇంత పెద్ద కుటుంబంలో ఈనెలను చూసి ఎవరు ఎవరో చెప్పగలమా అన్నదే ఈ వ్యాస విషయం. కొన్ని చోట్ల నిస్సంశయంగా చెప్పగలం, కొన్ని చోట్ల ఈనెలు మనను తప్పుదోవ పట్టిస్తాయి. ఆ తేడా తెలిసి ఉండడమే ముఖ్యం.

ఆకు ఏది, పత్రకం ఏది?

ఈనెలు చూడబోయే ముందు తేల్చుకోవలసిన సంగతి ఒకటుంది. చింత కొమ్మ మీద సన్నగా కనిపించేవి ఆకులు కావు, పత్రకాలు. ఒక్క ఈనె పుల్లకు రెండు వైపులా పేర్చినట్లున్న పత్రకాలన్నీ కలిసి ఒక ఆకు. దీనిని సంయుక్త పత్రమంటారు. ఆకు కొమ్మకు అతుక్కున్న మూలలో చిన్న మొగ్గ ఉంటుంది, పత్రకం మొదట్లో ఆ మొగ్గ ఉండదు. ఈ ఒక్క పరీక్ష చాలు. చిక్కుడు కుటుంబంలో చాలా మొక్కలకు ఆకుకాడ అడుగున ఉబ్బెత్తు భాగం కూడ కనిపిస్తుంది. సాయంత్రం చింతాకు ముడుచుకోవడానికి, అత్తిపత్తి తాకగానే వాలిపోవడానికి కారణం ఈ ఉబ్బులోని నీటి ఒత్తిడి మారడమే. ఈనెల లెక్క ఎక్కువ మొక్కలలో పత్రకంలోనే చేయాలి. ఆకు మొత్తాన్ని పట్టుకొని లెక్కించిన వారికి మొదటి అడుగులోనే తప్పు వస్తుంది.

పత్రకాన్ని వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే ఈనెల అంతస్తులు తెలుస్తాయి. కాడ నుంచి నేరుగా వచ్చే లావుపాటి ఈనె మొదటి తరగతిది. దాని నుంచి ప్రక్కలకు చీలేవి రెండవ తరగతివి. వాటిని ఒకదానితో ఒకటి కలిపే సన్నని అడ్డ ఈనెలు మూడవ తరగతి. వాటి మధ్య మిగిలిన చిన్న చిన్న గళ్ళను చూడాలంటే భూతద్దం కావాలి. మొదటి తరగతి ఈనె ఒక్కటే నడుమ సాగితే పిచ్ఛాకారం. కాడ చివరి నుంచి అరచేతిలోని వేళ్ళవలె అనేకం బయలుదేరితే హస్తాకారం. ఈ కుటుంబంలో సర్వసాధారణంగా రెండవ తరగతి ఈనెలు అంచు దాకా పోకుండా, అంచుకు కొంచెం ఇవతల పైకి వంగి, పై ఈనెతో కలిసి వంపులు కడతాయి. కానుగ పత్రకంలో ఇది చక్కగా కనిపిస్తుంది.

ఆరె ఆకు, దసరా బంగారం

ఈనెలు నిజంగా అక్కరకు వచ్చే సందర్భం సరిహద్దు ప్రాంతంలో ఏటా ఒకసారి వస్తుంది. విజయదశమి నాడు తెలంగాణలో జమ్మి ఆకును బంగారమని పెద్దల చేతిలో పెట్టి నమస్కరిస్తారు. మహారాష్ట్రలో ఆ స్థానం ఆపటాది, అంటే మన ఆరె చెట్టుది. రెండు ఆచారాలూ తెలిసిన సిరొంచ వంటి చోట ఆ రెండు చెట్లూ ఒకే కుటుంబానివని చెబితే పిల్లలు నమ్మరు. జమ్మికి దువ్వెన పళ్ళ వంటి చిన్న పత్రకాలు, ఆరెకు ఒంటె గిట్టలాగ నడుమ చీలిన ఒంటి ఆకు. కాయను విప్పి చూపితే గాని బంధుత్వం బోధపడదు.

ఆరెకు శాస్త్రీయ నామం బౌహీనియా రెసిమోసా. బౌహిన్ సోదరులనే ఇద్దరు వృక్షశాస్త్రవేత్తల పేరు ఈ ప్రజాతికి పెట్టారు. రెండు తమ్మెలు కలిసి ఒకే ఆకైనట్లుండడం ఇద్దరన్నదమ్ములకు సరిపోయిందని లిన్నేయస్ భావన. ఇదే వర్గంలో దేవకాంచనం, అడ్డతీగ ఉన్నాయి. మహారాష్ట్ర పట్టణాల బజారులో దసరాకు ఆపటా పేరిట దేవకాంచనపు కొమ్మలు అమ్ముడవుతాయన్నది ఏటా వినవచ్చే మాట. పూవు ఉంటే ఈ పొరపాటు జరగదు. దేవకాంచనానికి పెద్ద గులాబిరంగు పూలు, ఆరెకు చిన్న పాలిపోయిన పూలు. కాని ఆరె వేసవికి అటూ ఇటూ పూస్తుంది. దసరా నాటికి దాని మీద పూవు ఉండదు, కొనేవాని చేతిలో ఉండేది ఆకుల మండ మాత్రమే.

ఈనెలు ఇక్కడ పనికి వస్తాయి. ఆరె ఆకులో కాడ చివరి నుంచి 7 లేదా 9 ఈనెలు విచ్చుకుంటాయి. దేవకాంచనంలో 9 నుంచి 11 వరకు, ఒక్కొక్కసారి అంతకు మించి. అడ్డతీగలో ఆ సంఖ్య సాధారణంగా ఇంకా ఎక్కువ, ఆకు చేటంత పెద్దది. విస్తళ్ళు కుట్టేవారికి దానిని వేరుగా చెప్పనక్కర లేదు. లెక్క 9 దగ్గర ఆరె, దేవకాంచనం రెండూ కలుస్తున్నాయని పాఠకులు గమనించే ఉంటారు. అందువల్ల లెక్కతో పాటు కొలత కూడ చూడాలి. ఆరె ఆకు పొడవు కంటె వెడల్పు ఎక్కువ, పొడవు సాధారణంగా 5 సెంటీమీటర్లకు లోపు, మందంగా, అడుగున బూడిదరంగు నూగుతో ఉంటుంది. దేవకాంచనపు ఆకు దానికి రెండింతలు, పొడవు వైపే మొగ్గు. ఒక ఆకును చూసి తీర్పు చెప్పరాదు. కనీసం పది ఆకులు లెక్కించి, ఎక్కువసార్లు వచ్చిన సంఖ్యను తీసుకోవాలి.

ఇంత శ్రమ ఎందుకని అడగవచ్చు. ఆరె ఎదుగుదల నెమ్మది. దాని ఆకు కొన్ని చోట్ల బీడీలకు పోతుంది, నార తాళ్ళకు పోతుంది, పండుగకు కొమ్మలే పోతాయి. గుర్తు తెలియని వాడు ఆరె అనుకొని రెండు చెట్లనూ నరుకుతాడు. గుర్తెరిగినవాడు నాలుగు ఆకులు కోసుకొని పోతాడు. ఆచారానికి కావలసినది ఆకే గాని కొమ్మ కాదు గదా.

ఆరె ఆకులో మరొక విశేషం చీలిక అడుగున ఉంది. నడిమి ఈనె అక్కడ ఆగి, చిన్న ముల్లు వంటి కొసగా బయటికి పొడుచుకొని వస్తుంది. రెండు పత్రకాలు కలిసిపోయి ఈ ఆకు ఏర్పడిందా, లేక ఒకే ఆకు చీలిందా అనే విషయంపై శాస్త్రజ్ఞులలో చాలాకాలం వాదోపవాదాలు నడిచాయి.

పోలిక చూసి మోసపోవడం

ఈ ముల్లు కొసనే పట్టుకొని నారేపి చెట్టు దగ్గరకు వెళితే చిక్కులో పడతాము. తెలంగాణ పొడి అడవులలోను, విదర్భలోను పెరిగే ఈ చెట్టును మరాఠీలో అంజన్ అంటారు. దీని ఆకుకు రెండే పత్రకాలు. రెండింటి నడుమ సూక్ష్మమైన కొస. ఒక్కొక్క పత్రకంలో అడుగు నుంచే అనేక ఈనెలు బయలుదేరుతాయి. ఆరె ఆకును నడుమకు పూర్తిగా చీల్చి పెట్టినట్లే ఉంటుంది. రెండూ దగ్గరి చుట్టాలని ఎవరికైనా అనిపిస్తుంది. కాదు. ఆకు పోలిక ఎంత ఉన్నా వంశం వేరు.

పూర్వం ఈ కుటుంబాన్ని పూల ఆకారాన్ని బట్టి మూడు ఉపకుటుంబాలుగా విభజించేవారు. చిక్కుడు పూవు, తంగేడు పూవు, తుమ్మ పూవు వాటికి నమూనాలు. 2017లో ప్రపంచ దేశాల శాస్త్రజ్ఞులు అనేకులు కలిసి డి.ఎన్.ఎ. ఆధారంగా ఆరు ఉపకుటుంబాలను ప్రకటించారు. ఆ ప్రకారం ఆరె, దేవకాంచనం, అడ్డతీగ ఒక ఉపకుటుంబం. చింత, నారేపి వేరొకటి. రేల, తంగేడు, తుమ్మ, జమ్మి, దిరిసెన అన్నీ ఇంకొక దానిలో చేరాయి. మోదుగు, ఏగిస, కానుగ, పప్పుధాన్యాలు నాలుగవది. మిగిలిన రెండింటి మొక్కలు ఈ ప్రాంతపు అడవిలో ఎదురయ్యేవి కావు. ఇప్పుడు ఈనెలను ఈ పట్టికతో పోల్చి చూస్తే, మొదటి ఉపకుటుంబం మాత్రమే సుమారుగా ఈనెలకు లొంగుతుంది. తక్కిన వాటిలో ఏది ఏ ఉపకుటుంబానిదో ఈనెలు చెప్పలేవు. ఈనెల ఉపయోగం కుటుంబ విభాగాల స్థాయిలో తక్కువ, దగ్గరి జాతులను విడదీయడంలో ఎక్కువ.

మోసం చేసే ఆకులలో పట్టణాల దారుల వెంట, తోటలలో నాటిన ఆస్ట్రేలియా అకేషియా మొదట చెప్పదగినది. కొడవలి వంపు గల దాని ఆకులో మూడు నాలుగు ఈనెలు పొడవునా సమాంతరంగా సాగుతాయి. సమాంతర ఈనెలుంటే ఏకదళబీజాలు, అల్లిక ఉంటే ద్విదళబీజాలు అని బడిలో నేర్చుకున్న విద్యార్థి దీనిని గడ్డి, వెదురుల పక్షాన వేసినా తప్పు పట్టలేము. అసలు అది ఆకే కాదు. ఆకుకాడ వెడల్పై ఆకు పని చేస్తున్నది, దానిని ప్రభాసనమంటారు. విత్తు మొలకెత్తిన తొలి రోజులలో ఆ మొక్కకు తుమ్మ ఆకుల వంటి నిజమైన సంయుక్త పత్రాలు వస్తాయి. నారుమడిలో కూర్చొని చూస్తే ఒకే మొలక మీద రెండు రకాలూ కనిపిస్తాయి. ఇంతకంటె మంచి పాఠం పుస్తకంలో దొరకదు.

దిరిసెన, చిందుగ జాతులలో నడిమి ఈనె పేరుకే నడిమిది. పత్రకాన్ని సమంగా పంచకుండా ఒక అంచు వైపు జరిగి ఉంటుంది. చిన్న పత్రకాల చెట్లలో దీనిని గమనించడం అలవాటైతే పని కొంత సులువవుతుంది.

మూడు పత్రకాల మొక్కల సంగతి వేరు. మోదుగుకు మూడే ఆకులని మరాఠీలో ఒక సామెత ఉంది, ఎక్కడికి పోయినా పరిస్థితి ఒకటేనని దాని భావం. తెలుగు పిల్లలు కూడ దానిని బడిలో నేర్చుకుంటారు. నిజానికి మోదుగుకే కాదు, కంది, పెసర, మినుము, చిక్కుడు, దూలగొండి అన్నింటికీ మూడే. ప్రక్క పత్రకాలు రెండూ వంకరగా, బయటి సగం వెడల్పుగా ఉంటాయి. దూలగొండి తీగను పూతకు ముందు అడవి చిక్కుడుగా భ్రమించడానికి ఇదే కారణం. ఇక్కడ ఈనెలపై భారం వేయరాదు. కాయ మీది నూగు కోసం వేచి ఉండడమూ, ఆ కాయను చేతితో ముట్టకపోవడమూ మంచిది.

జానపదుల పరీక్ష

పొలం గట్లమీద, బీడులలో వెంపలి మొక్క విరివిగా కనిపిస్తుంది. మరాఠీలో ఉన్హాళీ. దాని పత్రకం కొసను పట్టుకొని మెల్లగా లాగితే అడ్డంగా చిరగదు, బాణపు మొనలాగ కోణంగా తెగుతుంది. రెండవ తరగతి ఈనెలు దట్టంగా, తిన్నగా, ఒకదాని ప్రక్క ఒకటి ఏటవాలుగా అంచు వైపు సాగడమే దీనికి కారణం. చిరుగు ఈనెలను దాటలేక వాటి వెంటే పోతుంది. సంస్కృతంలో ఈ మొక్కకు శరపుంఖ అని పేరు. పుంఖమంటే బాణపు ఈకల కట్టు. భూతద్దం పుట్టక ముందే ఈనెల వరుసను గుర్తించి పేరుపెట్టినవారున్నారన్నమాట. సూక్ష్మదర్శిని లేని పాఠశాలలో ఈ ఒక్క పత్రకం చాలు, ఈనెల పాఠం మొదలుపెట్టవచ్చు.

శాస్త్రంలో ఈనెల స్థానం

ఐరోపాలో ఈనెల పరిశీలనను ప్రత్యేక విద్యగా మలచిన తొలి వారిలో ఆస్ట్రియా దేశపు కాన్‌స్టాంటిన్ ఫాన్ ఎటింగ్స్‌హౌజెన్ ఒకడు. ఆకును సీసపు రేకు మీద నొక్కి, ఆ అచ్చుతో నేరుగా ముద్రించే పద్ధతి అప్పుడే వియన్నాలో వచ్చింది. ఆయన 1854లో చిక్కుడు పూల వర్గపు ఆకుల ఈనెలపై వ్యాసం వెలువరించాడు, 1861లో ద్విదళబీజాల ఆకుల అస్థిపంజరాలపై పెద్ద గ్రంథం ప్రచురించాడు. తరువాత 1973లో అమెరికా శాస్త్రజ్ఞుడు లియో హికీ ఈనెల వర్ణనకు ఒక క్రమమైన పరిభాష ఏర్పరచాడు. నేటి వృక్షశాస్త్ర గ్రంథాలు దానినే పెంచి వాడుకుంటున్నాయి.

వీరికి ఈనెలతో అంత పని ఎందుకు పడిందంటే, రాతిలో మిగిలిన ఆకుకు పూవు తోడుగా దొరకడం అరుదు. సిరొంచ వారికి శిలాజాలు కొత్త కావు. వడదం శిలాజ ఉద్యానం ఈ తాలూకాలోనిదే. పోచంపల్లి వద్ద దొరికిన ఎముకలతో గుర్తించిన డైనోసారుకు 1975లో బారాపాసారస్ టాగోరై అని పేరు పెట్టారు. దాని అస్థిపంజరం కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంది. అయితే ఆ రాతిపొరలు జురాసిక్ యుగానివి. చిక్కుడు కుటుంబపు కచ్చితమైన శిలాజాలు సుమారు 6.5 కోట్ల సంవత్సరాల కంటె పాతవి కావు. కనుక సిరొంచ రాళ్ళలో ఆకు ముద్ర కనబడితే అది మోదుగుదో, ఆరెదో కావడానికి వీలులేదు.

యంత్రాలు కూడ ఈ విద్యను నేర్చుకున్నాయి. అర్జెంటీనాలోని రొసారియో నగరంలో మోనికా లారెసె, పాబ్లో గ్రానిట్టొ తదితరులు 2014లో ప్రచురించిన పరిశోధనలో సోయా, ఎర్ర బీన్సు, తెల్ల బీన్సు మొక్కల ఆకులను సాధారణ స్కానరుతో చిత్రించారు. మొత్తం 866 చిత్రాలు. వాటిలో సోయావి 422, ఎర్ర బీన్సువి 272, తెల్ల బీన్సువి 172. ఆకారం, పరిమాణం, రంగు అన్నీ వదిలివేసి, కేవలం ఈనెల అల్లికను కంప్యూటరుకు ఇచ్చారు. నిపుణులు కంటితో చూసి చెప్పినదాని కంటె కంప్యూటరు మెరుగ్గా గుర్తించింది. మూడు మొక్కల మధ్య తేల్చడం వేరు, అడవిలో వందల మొక్కల మధ్య తేల్చడం వేరన్నది మరచిపోకూడదు. అయినా మనిషి కంటికి ఒకేలా కనిపించే ఆకులలో కూడ ఈనెలు భిన్నంగా ఉంటాయన్నదానికి ఇది గట్టి సాక్ష్యం.

శనగ చేనులో లాఖ్

పండుగ ఆకు విషయంలో పొరపాటు జరిగితే చెట్టుకు నష్టం. పప్పు మొక్క విషయంలో జరిగితే మనిషికే నష్టం. తూర్పు విదర్భలో వరి కోతకు ముందే తడి మడిలో లాఖ్ లేదా లాఖోళీ అనే పప్పును చల్లే అలవాటు చాలాకాలంగా ఉంది. తెలుగులో దీనిని కేసరి పప్పు, లంక పప్పు అంటారు. నీరు లేకున్నా, ఎరువు లేకున్నా పండుతుంది. బీదవాని పంట. దాని గింజలో ఓడాప్ అనే విషపదార్థం ఉంది. నెలల తరబడి అదే ప్రధానాహారమైతే కాళ్ళు బిగుసుకొని చచ్చుబడతాయి, ఆ జబ్బు తిరిగి నయం కాదు. 1961లో ఆహార కల్తీ నిరోధక నిబంధనల కింద కేంద్రం అమ్మకాన్ని నిషేధించినా సాగు పూర్తిగా ఆగలేదు. విషం తక్కువగా గల రకాలు తరువాతి కాలంలో వచ్చాయి.

గత ఏడు లాఖ్ వేసిన మడిలో ఈ ఏడు శనగ వేస్తే, రాలిన గింజలు మొలిచి శనగతో పాటే పెరుగుతాయి. పూత వచ్చేదాకా ఆగితే లాఖ్ నీలి లేక తెల్లని పూలు దానిని పట్టిస్తాయి. కాని కలుపు తీసేది పూతకు ముందు. అప్పుడు చూడవలసినది ఈనెలనే. శనగ పత్రకం చిన్నది, అంచు రంపపు పళ్ళవలె ఉంటుంది, ఒక్కొక్క ప్రక్క ఈనె నేరుగా ఒక్కొక్క పంటిలోకి పోయి ముగుస్తుంది. ఈ కుటుంబంలో మెంతి వంటి కొన్నింటిలో తప్ప ఇది అరుదైన లక్షణం. లాఖ్ పత్రకం సన్నగా, పొడవుగా, గడ్డి పరకలాగ ఉంటుంది. అంచున పళ్ళుండవు. ఈనెలు అడుగు నుంచి కొస దాకా ఒకదాని వెంట ఒకటి సమాంతరంగా సాగుతాయి. ఆకు కొసన నులితీగ, కాండానికి ఇరువైపుల రెక్క వంటి అంచు దీనికి అదనపు గుర్తులు. వెలుతురుకు ఎదురుగా పట్టుకున్న రెండు ఆకులను ఒక్కసారి చూసినవారు మరల పొరబడరు.

ఒకసారి పప్పుగా విరిచిన తరువాత ఈ విద్య పనికిరాదు. కంది పప్పులోను, శనగపిండిలోను లాఖ్ కలిస్తే దానిని పట్టుకోవడానికి ప్రయోగశాల పరీక్షలు కావాలి. ఆకు ఉన్నప్పుడే చేనులో ఏరివేయడం ఒక్కటే రైతు చేతిలో ఉన్న పని.

ఇటువంటి ఆకులను బడిలో భద్రపరచడానికి ఖర్చు లేదు. ఆకును వెనుకకు తిప్పి, పైన పలుచని కాగితం పరచి, పెన్సిలు మొనను పక్కకు వాల్చి రుద్దితే ఈనెలన్నీ కాగితం మీదికి వస్తాయి. ఆకు వెనుక భాగంలో ఈనెలు ఉబ్బుగా ఉంటాయి గనుక ముందు భాగం కంటె అదే మేలు. ప్రతి కాగితం మీద కోసిన తేది, ఊరు, లెక్కించిన ఆకుల సంఖ్య, ఈనెల సంఖ్య వ్రాసి, దాని క్రింద తెలుగు పేరు, మరాఠీ పేరు, ఆ ఊరి గోండు పెద్దలు చెప్పిన పేరు వ్రాయాలి. శాస్త్రీయ నామం కోసం ఒక గడి ఖాళీగా ఉంచి, పూవు, కాయ చూసిన తరువాతనే దానిని నింపాలి.